నెల్లూరులో టీచర్ ఇంటర్వ్యూ కోచింగ్: క్లాసులు అంతంతే, బడిలో కూర్చోబెట్టేది మాత్రం బాగుంది

మొత్తానికి 5కి 3 స్టార్లు. క్లాసుల వరకే చూస్తే 2 కూడా ఎక్కువే, చివర్లో మనల్ని తీసుకుపోయి ఒక స్కూల్లో కూర్చోబెడతారు చూడండి దానికి మాత్రం కళ్ళు మూసుకుని 5 ఇవ్వచ్చు, రెండూ కలిపితే ఇట్ట తేలింది. సెంటర్ పేరు రాయట్లేదు, మెచ్చుకునేవి ఎన్ని ఉండాయో తిట్టేవీ అన్నే ఉండాయి కాబట్టి. నెల్లూరు టౌన్లోనే, ఆర్టీసీ బస్టాండ్ కాడ దిగితే షేర్ ఆటో దూరం. ఒంగోలు, సింగరాయకొండ, కావలి నుంచి కూడా వస్తుండారు, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో దిగి పరిగెత్తుకుంటా వచ్చేవాళ్ళు మా బ్యాచ్‌లోనే ఉన్నారు, రైలు లేటైతే మొదటి క్లాసు గోవిందా.

ముందు ఎవరు చేరక్కర్లేదో చెప్పేస్తా. డీఎస్సీ కోసం అయితే ఇక్కడ ఒక్క రూపాయి కూడా కట్టబాకండి. డీఎస్సీలో ఇంటర్వ్యూ అనేదే లేదు, రాత పరీక్షకి 80, టెట్ వెయిటేజీ 20, అంతే కథ. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకి కూడా ఇదే లెక్క నడిచింది. అయినా ఫోన్ చేస్తే వీళ్ళు "డీఎస్సీకి కూడా ఉపయోగపడుద్దమ్మా" అంటారు, అది ఫీజు మాట, నమ్మబాకండి. ఇది ఎవరికయ్యా అంటే ప్రైవేట్ సీబీఎస్ఈ స్కూళ్ళకి అప్లై చేసేవాళ్ళకి, కేంద్రీయ విద్యాలయంలో రాత పరీక్ష దాటి ఇంటర్వ్యూ కోసం కూర్చునేవాళ్ళకి, టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్ లాంటివాటికి శాంపిల్ క్లాసు చెప్పాల్సినవాళ్ళకి. నాది మ్యాథ్స్, బీఈడీ అయిపోయింది, ప్రైవేట్ స్కూళ్ళలో డెమో అనంగానే నోరు ఎండిపోయే రకం, అందుకని చేరా.

ఫీజు 7,500. విడివిడిగా కట్టే పద్ధతి లేదు, నాకు క్లాసులొద్దు బడి అనుభవం ఒక్కటే ఇప్పించండి అంటే కుదరదంటారు. నాకైతే ఇది వాళ్ళ తెలివే అనిపించింది, విడగొడితే క్లాసులకి ఎవరూ రారని వాళ్ళకీ తెలుసు.

క్లాసులు ఇద్దరు చెప్తారు, ఒక సారు, ఒక మేడమ్. సారుది ఇంటర్వ్యూ ప్రశ్నలు జవాబుల సెక్షను. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ బుక్కు ఇస్తారు, అది ఏ కాలంలో తయారు చేశారో తెలీదు గానీ 10+2+3 గురించి పేజీలకి పేజీలు ఉండాది, 2020 జాతీయ విద్యా విధానంలో బడి చదువుని నాలుగు దశలు చేసిన 5+3+3+4 గురించి ఒక్క ముక్క లేదు. ఈ రోజు ఏ స్కూల్ ఇంటర్వ్యూకి పోయినా మొదటి పది ప్రశ్నల్లో అది ఉంటది కదండీ. 2021లో మొదలైన నిపుణ్ భారత్ గురించీ లేదు, మూడో తరగతి అయ్యేలోపు ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలనేది దాని లక్ష్యం, ప్రైమరీకి అప్లై చేసేవాళ్ళని గట్టిగా అడుగుతారు. బ్లూమ్ వర్గీకరణ (నేర్చుకోవడంలో మెట్లు చెప్పేది) 1956 నాటి పాతదే ఉంది, జ్ఞానం, అవగాహన అని మొదలై మూల్యాంకనంతో ఆగిపోద్ది. 2001లో దాన్ని సవరించి పైన సృజించడం పెట్టారు, ఆ సంగతి సారుని అడిగితే "రెండిట్లో ఏదైనా రాయచ్చులేమ్మా" అన్నాడు. ఇంటర్వ్యూలో రాసేదేముంది సార్ అని లోపలే అనుకుని గమ్మున ఉన్నా.

ఇంక మాక్ ఇంటర్వ్యూలు. టీచర్ ఎందుకు అవ్వాలనుకుంటున్నారు అంటే "టీచింగ్ ఈజ్ మై ప్యాషన్" అని అందరికీ ఒకటే జవాబు బట్టీ పెట్టించాడు. బ్యాచ్‌లో అందరూ వరసగా లేచి అదే మాట చెప్తా ఉంటే నవ్వాపుకోలేక చచ్చాం. తర్వాత నేను నిజంగా పోయిన ఇంటర్వ్యూలో ప్రిన్సిపాల్ గారు నాకంటే ముందే ఆ మాట అనేసింది, "ప్యాషన్ అని చెప్పకుండా చెప్పమ్మా" అని. అంటే ఊళ్ళో ఈ మాట ఎంత మంది చెప్పుంటారో ఆలోచించండి.

మేడమ్ సంగతి వేరే. జిల్లా పరిషత్ హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైర్ అయ్యారు, మైక్రో టీచింగ్ ఆమె చూసుకుంటారు. బీఈడీ చదివినవాళ్ళందరికీ మైక్రో టీచింగ్ తెలిసిందే కదా అనుకోబాకండి, తెలిసింది రికార్డులో రాయడం వరకే. 6 నిమిషాలు పాఠం చెప్పాల, 6 నిమిషాలు లోపాలు వినాల, 12 నిమిషాల్లో ప్లాన్ మార్చుకోవాల, మళ్ళీ 6 నిమిషాలు అదే పాఠం చెప్పాల, మళ్ళీ 6 నిమిషాలు వినాల, మొత్తం 36 నిమిషాల చక్రం. నేను చదివిన కాలేజీలో ఈ చక్రం గీతలు గీసి రంగులేసి రికార్డులో అంటించాం గానీ ఒక్కరం కూడా రెండోసారి పాఠం చెప్పింది లేదు. ఈమె చెప్పిస్తారు. చివరి బెంచీలో కూర్చుని కాగితం మీద ఏందో గీతలు పెడతా ఉంటారు, నా పాఠం అయినాక ఆ కాగితం చూపించారు, నేను "అర్థమైందా" అని ఎన్నిసార్లు అడిగితే అన్ని గీతలు. "అర్థమైందా అంటే పిల్లకాయలు అయింది అనక ఇంకేమంటారు తల్లీ, అట్ట అడిగితే నీకేం తెలుస్తది, ఒక లెక్క ఇచ్చి చూడు" అన్నారు. ఆ రోజు రోంత కోపం కూడా వచ్చింది నాకు, అందరి ముందర అన్నారని. ఆమె మాటలు నెల్లూరు చేపల పులుసు మాదిరి, మరసటి రోజుకి గానీ రుచి తెలీదు.

ఇంకోటి కూడా ఆమె కాడ నేర్చుకున్నదే. ఆమె దగ్గర మార్కాపురం పలకలు ఒక కట్ట ఉంటాయి, ఇప్పుడు పిల్లలకి పలకలెవరు కొనిస్తుండారు, మనం కొంటుంటే షాపాయన మనల్ని వింతగా చూస్తాడు. డెమోలో ప్రతి బిడ్డ చేతికీ పలక ఇచ్చి ఒక ప్రశ్న అడిగి, జవాబు రాసి ఒక్కసారే పైకెత్తమంటే, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో ఒక్క చూపులో తెలిసిపోద్ది. చెయ్యెత్తేవాళ్ళనే అడిగితే ఎప్పుడూ ఆ ముందు బెంచీ నలుగురే చెప్తారు. ఈ ఒక్క పని చేసినందుకే నా డెమో చూసేవాళ్ళు పెన్ను తీసి రాసుకున్నారు, నేను చూశా.

సరే అసలు విషయానికొస్తా, బడి అనుభవం. క్లాసులు అయిపోయినాక సెంటర్ వాళ్ళతో ఒప్పందం ఉన్న ప్రైవేట్ స్కూళ్ళలో ఒకదానికి పంపుతారు. పంపేముందు మేడమ్ ఒక కాగితం ఇచ్చి, "టీచర్‌ని చూడబాకండి, టీచర్ ఎట్ట చెప్తుందో రాసుకురాబాకండి, ముగ్గురు పిల్లల్ని ఎంచుకోండి, ముందు వరసలో ఒకరు, మధ్యలో ఒకరు, వెనక ఒకరు, పీరియడ్ అంతా వాళ్ళు ఏం చేస్తుండారో అదే రాయండి" అన్నారు. నాకు ముందు ఇదేం పని అనిపించింది. చేస్తే తెలిసింది. మధ్య వరసలో నేను ఎంచుకున్న పిల్లోడు ఎప్పుడూ పక్కోడి నోట్సులోకి చూసి రాస్తా ఉన్నాడు, వీడు కాపీ రకం అనుకున్నా, తర్వాత వాడి పక్కన కూర్చుంటే కిటికీలోంచి ఎండ పడి బోర్డు సగం తెల్లగా మెరుస్తా ఉంది, వాడికి అక్షరం కనపడట్లేదు. టీచర్ నిలబడే చోట నుంచి చూస్తే అది తెలిసే మార్గమే లేదు.

రెండోది నోట్సులు దిద్దే పని. ఇది చాకిరీ అని బ్యాచ్‌లో చాలామంది మొహం ముడుచుకున్నారు, నాకు మాత్రం ఇంటర్వ్యూకి దీనికి మించిన ట్రైనింగ్ లేదనిపించింది. నాలుగో తరగతి వాళ్ళవి, 302లో నుంచి 158 తియ్యాల. కరెక్ట్ జవాబు 144. చానా మందికి 256 వచ్చింది. ఒకరిద్దరికి వస్తే కాపీ అనుకోవచ్చు, క్లాసులో అటు మూల ఇటు మూల కూర్చున్నవాళ్ళకి అదే 256 ఎట్ట వస్తది? చూస్తే వాళ్ళు ఏ స్థానంలో అయినా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తుండారు, 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసి 6, 0లోంచి 5 పోదు కాబట్టి 5, 3లోంచి 1 పోతే 2. వాళ్ళు లెక్క తెలీక తప్పు చెయ్యలేదు, వాళ్ళకంటూ ఒక పద్ధతి పెట్టుకుని దాన్ని చక్కగా పాటించారు, ఆ పద్ధతే తప్పు. ఎర్ర ఇంకుతో అడ్డగీత కొట్టి పక్కన 144 రాస్తే ఆ పద్ధతి పోదు కదా. కట్టలు విప్పి, వందని పది పదులు చేసి చూపిస్తే గానీ పోలేదు, ఆ క్లాసు టీచరమ్మ ఐస్‌క్రీమ్ పుల్లలకి రబ్బరు బ్యాండ్లు వేసి పెట్టుకుని ఉండాది, అవి తెచ్చి చూపించింది.

అట్టనే భిన్నాలు. 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే 4 పెద్దది కాబట్టి 1/4 అన్నారు అయిదో తరగతి పిల్లలు. ఆ టీచరమ్మ తప్పు అనలేదు, ఒకే కొలత కాగితం ముక్కలు ఇచ్చి ఒకటి మూడు మడతలు, ఇంకోటి నాలుగు మడతలు పెట్టమంది. మూడు సమానంగా మడవడం పిల్లలకి కష్టం, సగం పీరియడ్ దానికే పోయింది, కానీ మడిచినాక ఎవరూ అడగాల్సిన పని లేకుండా వాళ్ళే "ఏయ్ మూడుదే పెద్దది" అని అరిచారు. నేను డెమో చెప్పేటప్పుడు మూడు మడతలకి ముందే పెన్సిల్ గుర్తులు పెట్టిన కాగితాలు తీసుకుపోయా, టైమ్ మిగిలింది.

క్లాస్ కంట్రోల్ ఎట్ట చేస్తారు అనే ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలో ఉంటది. సారు నేర్పిన జవాబు "స్ట్రిక్ట్ బట్ ఫ్రెండ్లీ". అంటే ఏంది అని తిరిగి అడిగితే నోట మాట రాదు. నేను స్కూల్లో చూసింది చెప్పా, ఒక సోషల్ సారు లంచ్ తర్వాత పీరియడ్‌లో ముందే వచ్చి గుమ్మం కాడ నిలబడేవాడు, పిల్లలు ఒక్కొక్కరే లోపలికి పోతా హోంవర్క్ పేజీ తెరిచి చూపించి పోయి కూర్చోవాల, బోర్డు మీద ముందే ఒక చిన్న పని రాసుంటది, కూర్చోగానే అది మొదలు పెట్టాల. అల్లరికి సందు యాడుంది? దీంతో పాటు 2009 విద్యా హక్కు చట్టంలో సెక్షన్ 17 కింద పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధం అని చెప్పండి, గుంజీలు తీయించడం, అందరి ముందు పేరు పెట్టి ఎగతాళి చెయ్యడం మామూలే అనుకునే చోట్ల కూడా ఇంటర్వ్యూ బోర్డు ఈ మాట వింటే ఆగి చూస్తది.

సెంటర్లో అసలు ముట్టుకోనిది, నన్ను గట్టిగా అడిగింది ఇంకోటుంది. ఒక ఆడబిడ్డ మీ దగ్గరికొచ్చి ఎవరికీ చెప్పనంటేనే చెప్తా టీచర్ అంటే ఏం చేస్తారు అని. జవాబు ఏందంటే ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు. వినాల, గుచ్చి గుచ్చి అడక్కూడదు, బిడ్డ చెప్పిన మాటలు చెప్పినట్టే రాసి పెట్టుకోవాల, లైంగిక వేధింపు అని తెలిసినా అనుమానం వచ్చినా 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాల, చెప్పకపోతే మనమీదే కేసు అవుద్ది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098. ఇది నాకు మా బ్యాచ్‌లో పల్లిపాడు డైట్‌లో (సర్కారు టీచర్ ట్రైనింగ్ కాలేజీ) చదివిన అమ్మాయి చెప్పింది కాబట్టి బతికిపోయా. (ఆ పల్లిపాడులోనే గాంధీ గారు 1921లో ప్రారంభించిన పినాకిని ఆశ్రమం ఉండాది, నెల్లూరులో ఉండి చూడకపోతే చూసి రండి.) ప్రైమరీ డెమోల్లో డీఎల్‌ఈడీ (ప్రైమరీ టీచర్ ట్రైనింగ్) చేసినవాళ్ళ ముందు మన బీఈడీ వాళ్ళు తేలిపోతారు, ఒప్పుకోవాల్సిందే, చిన్నపిల్లలతో కింద చాప మీద కూర్చుని మాట్లాడ్డం వాళ్ళకి వచ్చు, మనం డయాస్ దిగం.

ఇప్పుడు తిట్లు. బడి అనుభవం బాగుందన్నా కదా, అది ఏ స్కూల్ తగుల్తది అనేదాన్ని బట్టి ఉంటది. నాకు మంచి స్కూల్ తగిలింది. మా బ్యాచ్‌లో ఇంకో అమ్మాయిని పంపిన చోట రోజూ ఎవరో ఒకరు లీవు, ఆ పీరియడ్లన్నీ ఈ పిల్లకే, చూసి నేర్చుకునేది ఏమీ లేదు, జీతం లేని టీచర్ని చేసి వాడుకున్నారు, సెంటర్లో చెప్తే "అనుభవమే కదమ్మా" అన్నారంట. డబ్బు కట్టింది ఈ పిల్ల, పని చేసింది ఈ పిల్ల, లాభం స్కూలుకి. చేరేముందు అడగండి, ఏ స్కూలుకి పంపుతారు, రోజుకి ఎన్ని పీరియడ్లు చూడ్డానికి, ఎన్ని చెప్పడానికి, నేను చెప్పేటప్పుడు వెనక ఎవరైనా కూర్చుని చూస్తారా లేదా. ఈ చివరిది ముఖ్యం, చూసేవాళ్ళు లేకపోతే మన తప్పు మనకి తెలీదు.

రెండోది, జాబ్ గ్యారంటీ అని గోడ మీద రాసుంటది. గ్యారంటీ ఏమీ లేదు, తెలిసిన స్కూళ్ళ వాట్సాప్ నంబర్లు నాలుగు ఇస్తారు. నాకు జాబ్ వచ్చిన మాట నిజమే గానీ ఆ స్కూల్ నేను పేపర్లో చూసి నేనే అప్లై చేసుకున్నది. అయినా నా ఫోటో తీసుకుపోయి ఫ్లెక్సీ మీద వేశారు, అడగను కూడా అడగలేదు, మా మేనత్త ఆటోలో పోతా చూసి ఫోన్ చేస్తే తెలిసింది. తీసెయ్యమంటే పేరు తీశారు, ఫోటో అట్టనే ఉంది.

మూడోది, ఫీజు కట్టినాక వెనక్కి ఇచ్చేది లేదు, రశీదు మీద చిన్న అక్షరాల్లో ఉంటది.

మరి ఈ బడి అనుభవం ఊరికే వచ్చే మార్గం లేదా అంటే ఉంది. రూల్ ప్రకారం రెండేళ్ళ బీఈడీలో 20 వారాలు బడిలో ఉండాల, మొదటి ఏడు 4, రెండో ఏడు 16, టీచర్ ట్రైనింగ్ కాలేజీలకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014లో పెట్టిన లెక్క ఇది. ఆ 16 వారాలు నిజంగా బడికి పోయినవాళ్ళు అసలు ఈ కోచింగ్ జోలికే పోబాకండి, మీ దగ్గర ఉన్నదాన్నే మీరు కొనుక్కున్నట్టు అవుద్ది, పాత నోట్సు తీసి ఏ పిల్లోడు ఎక్కడ తడబడ్డాడో గుర్తు తెచ్చుకుని రాసుకోండి చాలు. కాగితం మీద ఇంటర్న్‌షిప్ చేసి, రెడీమేడ్ రికార్డు కొనుక్కున్నవాళ్ళం మనలో ఎంత మందిమో మనకే తెలుసు, ఈ సెంటర్లు బతికేది మనమీదే. చదువుతున్నవాళ్ళకి చెప్తున్నా, మీ కాలేజీ పోనవసరం లేదన్నా మీరు పోండి. అయిపోయినవాళ్ళు మీ ఊళ్ళో చిన్న ప్రైవేట్ స్కూల్ ఉంటే పోయి ఒక లెటర్ ఇచ్చి, వెనక కూర్చుని చూస్తాం, నోట్సులు దిద్దిపెడతాం అని అడగండి, నోట్సులు దిద్దుతానంటే ఏ స్కూలూ వద్దనదు. సర్కారు బడి అయితే హెడ్మాస్టర్ గారు ఒక్కరే సరే అంటే కుదరకపోవచ్చు, పైన పర్మిషన్ ఉండాలంటారు, ముందు ఎంఈఓ ఆఫీసులో కనుక్కోండి. తెలిసిన రిటైర్డ్ టీచర్ ఎవరైనా ఉంటే, మన ఊళ్ళలో ప్రతి వీధికీ ఒకరుంటారు, వాళ్ళని కూర్చోబెట్టి పాఠం చెప్పి చూపించండి. ఒంగోలు వైపు వాళ్ళు ఇంత దూరం వచ్చి ఛార్జీలు పెట్టుకునే బదులు ఇదే మేలు.

అయినా చేరాలనుకుంటే మేడమ్ ఉన్న బ్యాచ్‌లోనే చేరండి, ఆమె అన్ని బ్యాచ్‌లకీ రారు, వేసవి సెలవుల్లో అసలు ఉండరు, పైగా ఆ టైములో స్కూళ్ళు కూడా ఉండవు కాబట్టి బడి అనుభవం జూన్ తర్వాతే అంటారు, ఈలోపు ఇంటర్వ్యూలన్నీ అయిపోతాయి. ప్రైవేట్ స్కూళ్ళ ఇంటర్వ్యూలు ఎక్కువగా మార్చి నుంచి మే దాకా జరుగుతాయి, సంక్రాంతి అయిపోయినాక చేరే బ్యాచ్ అయితే సరిపోద్ది. రూము చిన్నది, ఫ్యాన్లు రెండే, నీళ్ళ బాటిల్ మీదే తెచ్చుకోండి. ఆఫీసు నంబర్‌కి ఫోన్ చేస్తే ఎత్తరు, వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి జవాబొస్తది.